భోగినాడు తిరువల్లిక్కేణిలో

చెన్నపట్నంలో మూడు తరాలుగా కాపురమున్న మావంటి వారికి ఏటా భోగినాడు తిరువల్లిక్కేణి వెళ్ళడం ఆనవాయితీ. తెల్లవారుజామున ఇంటిముందు మంట వేసి, తలంట్లు పోసుకుని, పార్థసారథిస్వామి కోవెల చేరుకుంటాము. అల్లి అంటే కలువ, కేణి అంటే కొలను. దొరలు దాన్ని ట్రిప్లికేన్ చేశారు. వారి నాలుకను వెక్కిరించే అర్హత మనకు లేదని ఈ యేడు తెలిసివచ్చింది.

ధనుర్మాసమంతా తిరుప్పావై ముప్పై పాశురాలూ విన్నవారు భోగినాడు గోదాదేవి కల్యాణం చూస్తారు. మేమూ గొంతు కలిపాము. మా పదేళ్ళ మనుమరాలు ఉత్తరీయం పట్టి లాగి, "తాతయ్యా, మార్గళి అని కాదు. నాలుక వెనక్కి మడిచి, పైన తగలనీయకుండా అనాలి" అన్నది.

అన్నాము. ఒకసారి ళ వచ్చింది, ఒకసారి ర వచ్చింది. పక్కన ప్రసాదం దొన్నెతో నిలుచున్న మామి నవ్వు ఆపుకోలేకపోయింది.

నిజానికి ఆ అక్షరం మనకూ ఉండేదే! రేనాటి చోడుల నాటి శాసనాలలో, 6, 7 శతాబ్దాలలో కనిపిస్తుంది. తర్వాత జారిపోయి చాలాచోట్ల డ అయింది. వారి ఏళు మన ఏడు, వారి కోళి మన కోడి, వారి మేళి మన మేడి. (ఇక్కడ వేసిన ళ కూడా సరైనది కాదు, వేరే దారిలేక వేశాము.) తమిళం అన్న మాటలోనే ఆ అక్షరమున్నది. అంటే పొరుగువారి భాష పేరునే ఇన్నేళ్ళూ తప్పు పలికామన్నమాట.

ఆ రాత్రి కార్డిఫ్‌లో ఉంటున్న మా రెండో అమ్మాయితో ఫోనులో ఈ ముచ్చట చెప్పుకున్నాము. వేల్సువారికీ జనవరిలోనే, 25వ తేదీన, ప్రేమికుల పండుగ ఉన్నదట. డ్విన్వెన్ అని ఐదవ శతాబ్దపు రాజకుమార్తె. మేలన్ అనే యువకుణ్ణి వలచి, పెళ్ళాడలేకపోయింది. అతడు మంచుగడ్డ అయ్యాడని కథ. దేవుడు మూడు వరాలిస్తే, అతణ్ణి కరిగించమనీ, నిజమైన ప్రేమికుల కోరిక తీర్చమనీ, తనకు మాత్రం పెళ్ళి వద్దనీ అడిగింది. మన గోద వలచిన రంగనాథుణ్ణే చేపట్టింది. ఆ పిల్ల తనకు దక్కనిది ఇతరులకు అడిగింది. మాకు ఆవిడ మీదే జాలి కలిగింది.

ఆవిడ ఉన్న చోటు ఆంగ్ల్‌సీ తీరాన లాన్‌డ్విన్. అందులో మొదటి ల మన ల కాదు. నాలుకను ల చోటనే ఉంచి, గొంతు మోగకుండా పక్కనుంచి గాలి ఊదాలి. మా ఇంటావిడ కుంపటి ఊదినట్లు ఊది మొదటిసారే గెలిచింది.

ఆ సరదాలో మనుమరాలికి కాగితమిచ్చి భోగి అని తెలుగులో వ్రాయమన్నాము. బోగి అని వ్రాసింది. నోటా అదే, ఒత్తు లేదు. తమిళంలో ఆ ఒత్తులు లేవు, పిల్ల తప్పేమున్నది? బడి చదువు తమిళం, ఇంగ్లీషు. తెలుగు తర్వాత నేర్పవచ్చునని ఐదేళ్ళుగా వాయిదా వేసినది మేమే. గోద కథను కృష్ణదేవరాయలు తెలుగులో చెప్పిన ఆముక్తమాల్యద మా బీరువాలో ఉన్నది. మా తరువాత దాన్ని తెరిచేదెవరు?

కనుమ వెళ్ళిన మరునాడు ఒప్పందం కుదిరింది. సాయంకాలం అరగంట ఆమె మాకు నాలుక మడత నేర్పాలి, మేము ఆమెకు ఒత్తులు నేర్పాలి. నాలుగో రోజుకే ఆమెకు భ వచ్చింది. మాకింకా ర దగ్గరే ఆగిపోతున్నది.