అంతరిక్ష ఓడల కవచాలు

యుద్ధానికి పోయేవాడికి కవచం కావాలి. కర్ణుడు పుట్టుకతోనే కవచంతో పుట్టాడని మనందరికీ తెలుసు. మరి నక్షత్రాల మధ్య తిరిగే ఓడకు ఏం కవచం ఉంటుంది? అలాంటి ఓడలు ఇంకా సైన్సు కథల్లోనే ఉన్నాయి. కానీ ఆ కథలు రాసినవాళ్ళు కవచం గురించి చాలా ఆలోచించారు.

అమెరికా టీవీలో 1966లో స్టార్ ట్రెక్ అనే సీరియల్ మొదలైంది. అందులో ఓడ పేరు ఎంటర్‌ప్రైజ్. మన సైన్సు సారు కంప్యూటర్‌లో కొంచెం చూపించి, కథ తెలుగులో చెప్పారు. ఆ ఓడ చుట్టూ కంటికి కనపడని తెర ఉంటుంది. అది ఇనుము కాదు, శక్తితో చేసింది. దాన్ని షీల్డు అంటారు. శత్రువు కొట్టిన దెబ్బ ఓడకు తగలకుండా తెరకే తగులుతుంది. దెబ్బ దెబ్బకీ తెర బలం తగ్గిపోతుంది. ఇంక ఇంత శాతమే మిగిలిందని కెప్టెనుకు లెక్క చెబుతుంటారు. అప్పుడు మేమంతా ఊపిరి బిగబట్టి చూశాం.

డీప్ స్పేస్ నైన్ అనే ఇంకో సీరియల్ 1993 నుంచి 1999 దాకా వచ్చింది. అందులో డిఫైయంట్ అనే చిన్న ఓడ ఉంది. షీల్డు పోయినా దాని ఒంటిమీద ఇంకో కవచం ఉంటుంది. దెబ్బ తగిలితే పైపొర ఆవిరైపోయి, ఆ వేడిని తనతోనే తీసుకుపోతుంది. లోపలి ఓడ మిగులుతుంది.

ఇది వట్టి కల్పన కాదు. 2014 డిసెంబరు 18న మన శ్రీహరికోట నుంచి ఇస్రో వాళ్ళు మనుషులు కూర్చునే గదిలాంటి దాన్ని, మనుషులు లేకుండా పైకి పంపారు. అది 126 కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగి బంగాళాఖాతంలో పడింది. దానికి కూడా కాలి అరిగిపోయే పలకలే అతికించారు.

మా ఇంటి గోడ కూడా అంతే. వెదురు తడికకు అమ్మ మట్టి మెత్తుతుంది. వాన ఆ మట్టినే కొట్టుకుపోతుంది, తడిక మిగులుతుంది. వానలు పోయాక అమ్మ మళ్ళీ మెత్తుతుంది. ఈ మాట చెబితే సారు "అదేనమ్మా సైన్సు" అన్నారు.

నన్ను బాగా ఆలోచింపజేసిన సంగతి ఇంకొకటుంది. ఎంటర్‌ప్రైజ్‌లో మనుషుల్ని క్షణంలో కిందికి దింపే, పైకి తెచ్చే యంత్రం ఉంది. షీల్డు ఎత్తి ఉన్నంతసేపు అది పనిచేయదు. షీల్డు దించితే శత్రువు కొడతాడు. దించకపోతే మనవాడు కూడా లోపలికి రాలేడు.

నేను మూడో తరగతిలో హాస్టలుకు వచ్చాను. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. నాకు కోయ మాట తప్ప ఏదీ రాదు. తెలుగులో ఏదన్నా అంటే కొందరు నవ్వేవాళ్ళు. అందుకని మాట్లాడటం మానేశాను. మాట్లాడకపోతే నవ్వరు గదా! అదే నా షీల్డు. అది బాగానే కాపాడింది. కానీ ఒకసారి జ్వరం వచ్చి మూడు రోజులు పడుకున్నా, నొప్పి ఎక్కడో ఎవరికీ చెప్పలేదు. పక్కన పడుకునే అక్క కోయలో మెల్లగా అడిగింది. అప్పుడు చెప్పాను. అక్క పరుగెత్తి నర్సమ్మను పిలుచుకొచ్చింది.

ఈ ఏడు మూడో తరగతిలో చేరిన చెల్లెళ్ళు కొందరు అన్నం దగ్గర కూడా నోరు తెరవడం లేదు. వాళ్ళను మూగపిల్లలని ఎగతాళి చేయకండి. వాళ్ళ షీల్డు ఎత్తి ఉంది. దెబ్బలు పడుతుంటే ఏ కెప్టెనూ షీల్డు దించడు. ముందు మనం నవ్వడం ఆపాలి. వాళ్ళ మాట వచ్చినవాళ్ళు ఆ మాటలోనే పలకరించాలి.

వార్డెన్ మేడం గారికి నాదొక మనవి. కొత్తగా వచ్చిన ప్రతి చెల్లి పక్కన, ఆ పిల్ల మాట వచ్చిన అక్క ఒకరికి పడక ఇవ్వండి.

– 9వ తరగతి విద్యార్థిని