ఊరు ఎక్కడిదాకా?

మా పెద్దదానికి ఈ సెలవుల్లో కొత్త పిచ్చి పట్టింది. ఫోన్లో ఏదో క్విజ్. ప్రపంచంలో జనం ఎక్కువున్న నగరాల పేర్లు టైమ్ అయ్యేలోపు టైప్ చేయాలట. "అమ్మా, చెప్పు చెప్పు" అని వంటింట్లోకొచ్చి ఒకటే గోల. చింతపండు పిసుకుతూనే ఢిల్లీ, ముంబై, ఢాకా, కరాచీ, కైరో చెప్పేశాను. పూలు కడుతున్న మా అత్తమ్మ "మన హైదరాబాదు లేదా?" అన్నారు. ఎందుకు లేదూ, కోటి దాటిందిగా!

పేచీ మొదటి స్థానం దగ్గరొచ్చింది. ఐక్యరాజ్యసమితి 2018 లెక్కలో 3.7 కోట్లతో టోక్యోనే పెద్దది. 2025 లెక్కలో దాదాపు 4.2 కోట్లతో జకార్తా మొదటికొచ్చింది. ఢాకా రెండు, టోక్యో మూడు. ఏడేళ్ళలో అంతమంది ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారు? జనం కంటే లెక్కపెట్టే తీరే ఎక్కువ మారింది. ఇదివరకు ఏ దేశం గీసుకున్న హద్దు ఆ దేశానిది. ఇప్పుడు కాగితం మీది హద్దు పక్కనపెట్టి, ఇళ్ళు ఒత్తుగా ఎంతదాకా సాగితే అంతా ఒకే ఊరంటున్నారు. జకార్తా సర్కారు హద్దుల్లో ఉన్నది కోటి పైచిలుకే మరి. చైనాలో చోంగ్‌చింగ్ కథ దీనికి తలకిందులు. పేరుకి నగరం, 3.2 కోట్ల జనం, కానీ తెలంగాణలో ముప్పాతిక వంతుకి దగ్గరగా ఉండే విస్తీర్ణం. లోపలంతా కొండలూ పల్లెలూ పొలాలూ!

నాకైతే మా పుట్టిల్లు గుర్తొచ్చింది. అమ్మ ఉండేది భద్రాచలాన్ని ఆనుకునే ఉన్న ఎటపాకలో. 2014లో పోలవరం కోసమని ఏడు మండలాలు ఆంధ్రలో కలిపినప్పుడు, భద్రాచలం మండలంలో ఊరు మాత్రం తెలంగాణకి మిగిలింది, చుట్టూ పల్లెలు అటు పోయాయి. అసలు 1959 దాకా ఈ తాలూకా తూర్పు గోదావరి జిల్లాలోదే లెండి, ఆ పాత లెక్కలు తవ్వితే తెమలవు. రాములవారు ఇటు, ఆయన భూములు పురుషోత్తపట్నంలో అటు. 2011 జనాభా లెక్కల్లో 50 వేలున్న ఊరికి ఇప్పుడు చెత్త పోసుకోవడానికే జాగా కరువు. ఎటపాకతో సహా ఐదు పంచాయతీలు తిరిగివ్వమని తెలంగాణ అడుగుతూనే ఉంది.

అమ్మకి ఇవేమీ పట్టవు. కూరగాయలకీ బీపీ మాత్రలకీ "ఊళ్ళోకెళ్ళొస్తా" అని సంచీ పట్టుకుని రాష్ట్రం దాటేస్తుంది. పోయినేడు తుంటి ఎముక విరిగినప్పుడు మాత్రం దాటలేకపోయింది. ఆటోలో పది నిమిషాల దూరంలో ఉన్న ఆస్పత్రిలో "ఈ కార్డు ఆంధ్రది, ఇక్కడ చెల్లదు" అన్నారు. తమ్ముడు అప్పు చేసి ఆపరేషన్ చేయించాడు. ఆ వడ్డీ ఇంకా కడుతున్నాం, సగం వాడు, సగం మేము.

ఖమ్మం వచ్చి మా దగ్గరుండమ్మా, కార్డు ఇక్కడికి మార్పిద్దాం అని ఈయన కూడా అడిగారు. "ఊళ్ళో రాముణ్ణి వదిలి ఎక్కడికొస్తానే" అంటుంది. ఇప్పుడు చేతికర్ర సాయంతో మళ్ళీ బజారుకి వెళ్తోంది.