గీత ముందు దాటినా రెండో స్థానమే!

2021 జనవరి 27 రాత్రి. ఫ్రాన్స్‌లోని లే సాబ్ల్ దొలోన్ రేవు దగ్గర ముగింపు గీతను అందరికంటే ముందు దాటాడు చార్లీ డాలిన్. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా, ఎవరి సాయమూ తీసుకోకుండా తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టి రావాల్సిన వాందే గ్లోబ్ పందెం అది. 80 రోజుల 6 గంటలు పట్టిందతనికి. కానీ విజేత అతను కాదు! ఏడు గంటల పైచిలుకు ఆలస్యంగా, మూడో పడవగా వచ్చిన యానిక్ బెస్తావెన్ గెలిచాడు. లెక్కలో తేడా రెండున్నర గంటలు.

ఆ లెక్క వెనక ఓ ప్రాణం ఉంది. 2020 నవంబరు 30న ఆఫ్రికా దక్షిణ కొసకు దూరంగా, నడిసముద్రంలో కెవిన్ ఎస్కోఫియే పడవ రెండుగా విరిగింది. అతను రబ్బరు తెప్పలోకి దూకాడు. నిర్వాహకులు నలుగురు పోటీదారులను అటు మళ్లించారు. అరవయ్యొక్కేళ్ల జాన్ లె కామ్ ముందుగా చేరాడు, తెప్పను చూశాడు, అలల్లో మళ్లీ పోగొట్టుకున్నాడు. చివరికి చీకట్లో దాన్ని వెతికి పట్టుకుని కెవిన్‌ను పడవలోకి లాగాడు.

ఆపదలో ఉన్నవారికి సాయపడటం ఈ క్రీడలో మొదటి నియమం. వెతుకులాటలో పోయిన సమయాన్ని తిరిగి ఇవ్వడం మరో నియమం. లె కామ్‌కు 16 గంటల 15 నిమిషాలు, బెస్తావెన్‌కు 10 గంటల 15 నిమిషాలు, బోరిస్ హెర్మన్‌కు 6 గంటలు ఇచ్చింది న్యాయనిర్ణేతల బృందం. నాలుగో అతను సెబాస్టియన్ సిమోన్ అప్పటికే పందెం వదిలేశాడు.

పోయిన గంటలను తూచినట్టు కొలవగలరా? కష్టమే. సముద్రంలో ఒక గంట మరో గంటతో సమానం కాదు. ఆలస్యమైనవాడికి మంచి గాలి చేజారిపోవచ్చు, ఎదురుపడాల్సిన తుపాను తప్పిపోవచ్చు కూడా. అయినా డాలిన్‌కు అన్యాయం జరిగిందనడం సబబు కాదు. ఎవరు గెలుస్తారో ఎవరికీ తెలియని డిసెంబరులోనే ఆ అంకెలు ప్రకటించారు. పందెం అయ్యాక లెక్కగట్టి ఉంటే, అవి ఎంత సరైనవైనా ఎవరు నమ్మేవారు?

గంటలు పనికిరాని సందర్భమూ ఉంది. 2009 జనవరిలో కేప్ హార్న్ దగ్గర ఓ పడవ తిరగబడింది. లోపల చిక్కుకున్నది ఈ లె కామే! అతన్ని కాపాడే ప్రయత్నంలో విన్సెంట్ రియు పడవ దెబ్బతింది. ఆ తర్వాత తెరచాప కొయ్య కూలి, పందెం పూర్తిచేయలేకపోయాడు. అలాంటివాడికి సమయం ఇచ్చి ఏం లాభం? అందుకే సహాయానికి మళ్లేనాటికి అతనున్న మూడో స్థానాన్నే, మరో నావికుడితో సమానంగా ఇచ్చారు. రియు పడవ పేరు పీఆర్‌బీ. దాదాపు పన్నెండేళ్ల తర్వాత విరిగిపోయిన కెవిన్ పడవ పేరూ అదే.

ఎనిమిదో పడవగా వచ్చిన లె కామ్ నాలుగో స్థానానికి ఎగబాకాడు. ఆరు గంటలు చేతిలో ఉన్నా హెర్మన్‌కు కలిసిరాలేదు. ముగింపు దగ్గర చేపల పడవను ఢీకొని ఐదో స్థానంతో సరిపెట్టుకున్నాడు.

డాలిన్ మళ్లీ వచ్చాడు. 2025 జనవరిలో 64 రోజుల 19 గంటల్లో చుట్టి వచ్చి గెలిచాడు. రెండో పడవ రేవు చేరడానికి ఇంకా దాదాపు ఒక రోజు పట్టింది.