అవ్వ చెంబులో పూలు

హాలెండు చిత్రకారుడగు యాన్ వాన్ హైసమ్ (1682–1749) రచించిన పూలపాత్రల చిత్రముల ప్రతులను మా చిత్రలేఖనపు అయ్యవారు ఒకనాడు చూపిరి. వేర్వేరు ఋతువుల పూలు ఒకే పాత్రలో నుండుట చూచి ఆశ్చర్యపడితిని. పసుపు గులాబి పూచినగాని తన చిత్రమును ముగింపజాలనని ఆయన 1742లో ఒక లేఖ వ్రాసెనట.

నేనును అట్లే చేయదలచితిని. గతించిన మా అవ్వ యిత్తడి చెంబును ముందుంచుకొని, ఉగాదికి వేపపూతను, ఆయుధపూజకు బంతిపూలను చిత్రించితిని. నడుమ కొంత తావు విడిచితిని. అది తంగేటిపూవునకు.

ధర్మపురి బాటల ప్రక్కల పసుపుపచ్చగా పూచు ఆ చెట్టును తమిళమున ఆవారం అందురు. నేనును అట్లే అన్నప్పుడెల్ల అవ్వ, "తంగేడు అనరా, నాయనా" అని దిద్దెడిది. ఆమె పోయిన పిదప మా యింట ఆ పేరు వినబడలేదు.

భోగినాడు ఒక రెమ్మ తెచ్చి చిత్రమును ముగించితిని. తమ్ముడు చూచి, "ఆవారం బాగుందన్నా" అనెను.

"రెండూ మంచి పేర్లే. అవ్వ మాత్రం దీన్ని తంగేడు అనేది" అంటిని.

వాడు ఆ మాటను మెల్లగా పలికెను. చిత్రము క్రింద ఆ పేరునే వ్రాసితిని.