కోచ్‌దా తప్పు, గ్రౌండ్‌దా?

కిష్టారంలో ఫుట్‌బాల్ మీద వాదన పెట్టుకోవాలంటే ముందు మన జట్టు ఏదో తేలాలి. అది ఓ పట్టాన తేలదు. ఊరేమో ఛత్తీస్‌గఢ్‌లో, సుక్మా జిల్లా కుంట బ్లాకులో. చుట్టాలూ బేరాలూ తెలంగాణలో, చర్ల వైపు, భద్రాచలం వైపు. ఇంట్లో కోయ, అంగడిలో తెలుగు, బడిలో హిందీ. అందుకని ఇక్కడి కుర్రాడికి ఒక్క జట్టుతో సరిపోదు. హైదరాబాద్‌లో క్లబ్బు ఉన్నన్నాళ్లూ అది మనదే. నారాయణపూర్ రామకృష్ణ మిషన్ ఆశ్రమం పిల్లలు ఆడుతుంటే వాళ్లూ మనవాళ్లే, బస్తర్ వాళ్లు గదా. ఇక కుంట బ్లాకు జట్టు సంగతి చెప్పనక్కర్లేదు, అందులో ఎవరో ఒకరి పెదనాన్న కొడుకు ఉండనే ఉంటాడు. ఇన్ని జట్లుంటే సంబరాలు ఎక్కువుంటాయనుకుంటాం. ఎక్కువుండేవి తగువులు.

పత్రికల్లో ఈ ఊరి పేరు వేరే కారణాలకు వస్తుంది. 2018 మార్చి 13న పాలోడి దారిలో మందుపాతర పేలి తొమ్మిది మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు పోయినప్పుడు దేశమంతా కిష్టారం అంది. ఆ తర్వాత మళ్లీ మరిచిపోయింది. ఆఫ్‌సైడా కాదా అని ఇక్కడ కూడా మనుషులు అన్నం చల్లారబెట్టుకుంటారన్న వార్త ఎవరూ వేయరు. వేయాల్సినంత వార్త కూడా కాదులెండి.

నేనెరిగిన బావా బామ్మర్దులు ఇద్దరున్నారు. బావ ఏటా మిరప కోతలకు తెలంగాణ వైపు పోయి వస్తాడు. బామ్మర్ది భద్రాచలంలో డిగ్రీ చదువుతున్నాడు. ఆటలో ఓటమి ఎవరి పుణ్యమన్న దగ్గర ఇద్దరికీ పొసగదు. బావ కోచ్ పక్షం, అంటే మంచైనా చెడైనా కోచ్ నెత్తినే వేస్తాడు. బామ్మర్ది గ్రౌండ్ పక్షం.

"సరైన గ్రౌండ్ లేకుండా ఎవడు నేర్పినా ఏం లాభం బావా? వరి మళ్లో నేర్చినోడు పచ్చగడ్డి మీద జారిపడతాడు."

"నేర్పేటోడు ఉంటే మళ్లో నేర్చినా పనికొస్తది. రహీం సాబ్‌కు ఏం గ్రౌండుందిరా?"

రహీం సాబ్ పేరు పడగానే బామ్మర్ది కాస్త తగ్గుతాడు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చాక ఆ పేరు ఇటువైపు ఫోన్లలోకీ చేరింది. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులో ఆడారు. సిటీ కాలేజీ పాత విద్యార్థులూ కొత్త విద్యార్థులూ కలిసి కట్టిన 'ఎలెవెన్ హంటర్స్' జట్టులో ఆడారు. వృత్తి బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు ఆయన చేతుల్లో పడ్డాక 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు తెచ్చింది. 1950లోనే మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పూ పట్టుకొచ్చింది. ఇవన్నీ పరాయి ఊళ్ల గ్రౌండ్లలో గెలిచినవి. బావకు కావలసిన సాక్ష్యం ఇదే.

నాకు మాత్రం రహీం గెలుపుల కన్నా 1952 ఓటమి మీద గురి. ఆ ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆయన తీసుకెళ్లిన భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతో ఆడారు. ఇవాళైతే ఆ రాత్రికే కోచ్ సామాను బయట పడేసేవారు. ఆయన్ను ఉంచారు. ఆటగాళ్లకు బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో అదే కోచ్ జట్టు ఆస్ట్రేలియాను వాళ్ల సొంత గడ్డ మీద 4–2తో కొట్టి ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, తులసీదాస్ బలరాం, జుల్ఫికారుద్దీన్ లాంటి హైదరాబాదీలు ఓ గుంపుగా ఉన్నారు.

ఆయన నేర్పిన పద్ధతి విన్నా ముచ్చటేస్తుంది. పిల్లలకు డ్రిబ్లింగ్ చేయకూడదని షరతు పెట్టి పోటీలు పెట్టేవారు. బంతి రాగానే ఇంకొకరికి అందించాలి, అంతే. ఎడమ కాలు బలహీనంగా ఉన్నవాడు ఆ కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. పొట్టివాళ్లకని వేరే పోటీ. వీటిలో ఒక్కదానికీ పెద్ద స్టేడియం అక్కర్లేదు, ఓ బంతి, కొంచెం చోటు, చెబితే వినే పిల్లలు చాలు. వినే పిల్లలు అన్నదే కష్టం. కిష్టారంలో మార్చి రాగానే పిల్లలు ఇప్పపూలు ఏరడానికి పోతారు, ఆ వెంటనే తునికాకు కోత. రహీం సాబే దిగి వచ్చినా ఏప్రిల్లో పదకొండు మందిని ఒక్కచోట నిలబెట్టలేరు.

1962 జకార్తా ఆసియా క్రీడలు బావ తురుపు ముక్క. ఆ క్రీడలకు ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ ఇండోనేషియా రానివ్వలేదు. దాని మీద మన అధికారి గురుదత్ సోంధీ గట్టిగా మాట్లాడినందుకు స్టేడియం స్టేడియమంతా మనవాళ్లు కనబడితే చాలు కేకలు పెట్టింది. ఆ కేకల మధ్యే రహీం జట్టు ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. గోల్స్ పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్‌లవి. అప్పటికే రహీంను క్యాన్సర్ తినేస్తోంది. మరుసటి ఏడు జూన్ 11న పోయారు. "పరాయి గ్రౌండు, పగబట్టిన జనం, ఒంట్లో రోగం. అయినా గెలిపిచ్చిండు. ఇంకేం చెప్తవ్?" అని బావ చేతులు దులుపుకుంటాడు.

బామ్మర్ది ఊరుకునే రకం కాదు, హైదరాబాద్ ఎఫ్‌సీని ముందుకు లాగుతాడు. అయితే ఆ కథ ఎటు తిప్పినా వాదన చేసేవాణ్ణే కరుస్తుంది. 2019లో పుట్టిన ఆ క్లబ్బు మొదటి ఏడు అట్టడుగున పడి, మధ్యలోనే కోచ్ ఫిల్ బ్రౌన్‌ను పంపేసింది. 2020లో స్పెయిన్ నుంచి మనోలో మార్క్వెజ్ వచ్చాడు. కరోనా వల్ల రెండు సీజన్ల ఆటలన్నీ గోవాలోనే పెట్టారు. సొంత గ్రౌండు మొహం చూడకుండానే 2022 మార్చి 20న ఫతోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో 3–1తో ఓడించి హైదరాబాద్ కప్పు ఎత్తింది. ఇక్కడిదాకా వింటే బావ మీసం మెలేస్తాడు.

ఆ తర్వాత కోచ్ వెళ్లిపోయాడు, జీతాల గొడవలు ముదిరాయి, ఆటగాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. 2023–24లో సొంత ఊరూ, గచ్చిబౌలిలో సొంత స్టేడియమూ ఉన్న జట్టు 22 ఆటల్లో ఒక్కటంటే ఒక్కటే గెలిచింది. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి పోయింది. గచ్చిబౌలి స్టేడియం మాత్రం ఎక్కడికీ పోలేదు. అంతకు ముందు 2024లో అదే మార్క్వెజ్ భారత జట్టు కోచ్‌గా అదే గచ్చిబౌలికి తిరిగొచ్చాడు. మారిషస్‌తో 0–0, సిరియాతో 0–3, నవంబరులో మలేషియాతో 1–1. అదే కోచ్, అదే గ్రౌండ్, ఒక్క గెలుపూ లేదు. దీన్ని బావా బామ్మర్దులిద్దరూ ఎవరి వాటా వాళ్లు పంచుకుని, మిగతాది వినబడనట్టు ఊరుకుంటారు.

గచ్చిబౌలి మీద నాకున్న పేచీ వేరు. అది 2003 ఆఫ్రో ఆసియా క్రీడల నాటి అథ్లెటిక్ స్టేడియం. ఆటకూ జనానికీ మధ్య పరుగు పందాల ట్రాక్ అడ్డం. గోల్ కొట్టినవాడు మన వైపు తిరిగి చేతులెత్తినా మొహం కనబడదు. తిట్టు కూడా వాడి చెవిన పడదు. తిట్టు చేరని చోటును సొంత గ్రౌండ్ అని ఎలా అంటాం? వరి కోసిన మళ్లో ఆడుతుంటే గట్టు మీద కూర్చున్న ముసలాయన "ఒరే, బంతి వాడికియ్యి" అని అరిస్తే ఇచ్చి తీరాలి, లేకపోతే రాత్రికి ఇంట్లో జవాబు చెప్పుకోవాలి. సొంత గ్రౌండ్ జట్టు కోసమని అందరూ అంటారు గాని, నా లెక్కలో అది తిట్టేవాడి కోసం. ఆడేవాడు మంచి కోచ్ ఉంటే ఎక్కడైనా ఆడతాడు. చూసేవాడు నడిచి పోగలిగిన చోటే చూస్తాడు.

ఈ లెక్కన బస్తర్ ఒలింపిక్స్‌ను చూస్తే తమాషాగా ఉంటుంది. 2024 నవంబరులో మొదటిసారి పెట్టారు. ఏడు జిల్లాలు, 11 ఆటలు, లక్షా 65 వేల మంది పేర్లిచ్చారు. ఫుట్‌బాల్ ఉంది, కబడ్డీ ఉంది, తాడు లాగుడు కూడా ఉంది. లొంగిపోయిన మావోయిస్టులకు వేరే జట్లు కట్టారు. ముందు బ్లాకు స్థాయి, తర్వాత జిల్లా, చివరికి జగదల్‌పూర్‌లో డివిజన్ పోటీలు. ముగింపుకు డిసెంబర్ 15న కేంద్ర హోంమంత్రి వచ్చారు.

కిష్టారం నుంచి చూస్తే ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా మనవాళ్లు రాలిపోతుంటారు. ఊరి మళ్లో ఆటకు ఊరంతా ఉంటుంది. కుంట దాకా పోవాలంటే బండి చూసుకోవాలి. అక్కడి నుంచి జాతీయ రహదారి పట్టుకుని సుక్మా పోయేవాళ్లు ఆటగాళ్ల అన్నదమ్ములే. సుక్మా దాటి జగదల్‌పూర్ ఇంకో వంద కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ పెద్ద స్టేడియం, మంచి మైకులు, బోలెడు జనం, కాని కిష్టారం కుర్రాడి పేరు పెట్టి తిట్టేవాడు ఒక్కడూ ఉండడు. ఆట పెద్దదయ్యేకొద్దీ మనవాడికి గ్రౌండ్ మెరుగవుతుంది, మనుషులు తగ్గిపోతారు.

నారాయణపూర్ ఇందుకు కొంచెం తేడా. 1985 నుంచి ఆశ్రమం అక్కడే ఉంది, అబూజ్‌మాడ్ కొండల పిల్లలు అక్కడే చదివి అక్కడే ఆడతారు. 2024లో స్వామి వివేకానంద పేరు మీద జరిగిన 20 ఏళ్లలోపు జాతీయ పోటీలు ఏకంగా ఆ ఆశ్రమం గ్రౌండ్‌లోనే పెట్టారు. పెద్ద ఆట చిన్న ఊరికి నడిచొచ్చిందన్నమాట. కోచ్, గ్రౌండ్ ఒకే ఆవరణలో ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే ఏమవుతుందో చూడాలంటే అక్కడికి పోవాలి. మొన్న ఇదే మాట బావా బామ్మర్దుల ముందు అన్నాను.

"నారాయణపూర్ మనకెట్ల సొంతమైతది అన్నా, పోవాల్నంటే పూట పడుతది," అన్నాడు బామ్మర్ది.

"ముందు కుంటకు పోదాం పట్టు. ఈసారి మనోళ్లు ఆడేటప్పుడు ఊరోళ్లందర్నీ ట్రాక్టరెక్కియ్యాలె," అన్నాడు బావ.

"ట్రాక్టర్ ఎవరిది?"

"మీ నాయనదే."

"డీజిల్?"

"కోచ్ పోస్తడు," అన్నాడు బావ.