గసగస గింజంత

మోరిస్‌విల్‌లో పెరటి గడ్డిలోకి జింక వస్తే ఫోటో తీసి ఊళ్ళో ఉన్న అమ్మకు పంపని తెలుగువారు అరుదు. ఆ జింక చెవి వెనుక పట్టుకుని ఉన్న పిడుదు ఫోటోలో కనబడదు. నల్లకాళ్ళ పిడుదు పిల్లదశలో గసగస గింజకంటే పెద్దది కాదు. అది కరిచిన సంగతి చాలామందికి తెలియనే తెలియదు.

ఇదే నార్త్ కరోలినాకు 2009 నుంచి 2015 దాకా సెనేటరుగా ఉన్న కే హేగన్‌కు 2016 చివరలో పొవాసాన్ వైరస్ వల్ల మెదడువాపు వచ్చింది. సభలో మాట్లాడటమే వృత్తిగా బ్రతికిన మనిషికి మాటే కష్టమైపోయింది, నడక పోయింది. దాదాపు మూడేళ్ళు ఆ స్థితిలో గడిపి, 2019 అక్టోబరు 28న గ్రీన్స్‌బరోలోని తన ఇంట్లో, 66వ ఏట కన్నుమూశారు. పిడుదుల వ్యాధులపై పరిశోధనకు ఉద్దేశించిన, ఆమె పేరు పెట్టిన చట్టం ఆ డిసెంబరులో వచ్చింది. అప్పటికి ఆమె లేరు.

పొవాసాన్ కెనడాలో ఒక చిన్న ఊరు. 1958లో మెదడువాపుతో మరణించిన ఐదేళ్ళ పిల్లవాడి మెదడు నుంచి ఈ వైరస్‌ను తొలిసారి వేరు చేశారు. దీనికి దగ్గరి బంధువు మనకు పొరుగునే ఉంది: 1957లో షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు రాలిపోతుండగా బయటపడిన జ్వరం. అదీ పిడుదు మోసుకొచ్చేదే.

భయపెట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. అమెరికా మొత్తం మీద ఏడాదికి కొన్ని పదుల కేసులే. అవీ ఎక్కువగా ఈశాన్య రాష్ట్రాలలో, గ్రేట్ లేక్స్ పరిసరాలలో. సోకినవారిలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. కానీ మెదడుకు ఎక్కితే పదిమందిలో ఒకరు మరణిస్తారు, బ్రతికినవారిలో సగం మందికి ఏదో ఒక లోపం మిగిలిపోతుంది. మందు లేదు, టీకా లేదు. వైద్యుడు చేయగలిగిందల్లా ఊపిరి ఆగకుండా, మూర్ఛలు రాకుండా చూస్తూ, శరీరం తనంతట తాను గెలుస్తుందేమోనని కాచుకోవడం. ఆసుపత్రిలో ఇంతకంటే నిస్సహాయమైన కొలువు మరొకటి లేదు.

లైమ్ వ్యాధి విషయంలో ఒక ఊరట ఉంది: పిడుదు సాధారణంగా ఒక రోజుకు పైగా పట్టుకుని ఉంటేనే ఆ సూక్ష్మజీవి ఒంట్లోకి దిగుతుంది. రాత్రి స్నానంలో చూసుకుంటే చాలునన్న ధీమా అక్కడిదే. పొవాసాన్‌కు ఆ గడువు లేదు. ఎలుకలపై చేసిన ప్రయోగంలో 15 నిమిషాలకే వైరస్ ఎక్కింది. కాబట్టి లేక్ క్రాబ్‌ట్రీ గట్టున నడకకు వెళ్ళేవారు పొడుగు ప్యాంటు, మేజోళ్ళు, పురుగుల మందు ముందే చూసుకోవాలి. కాలిబాట దిగి గడ్డిలో నడవకూడదు.

గేదె చెవిలోంచి పిడుదులు ఏరిన చేతులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వేసవికి ఇక్కడికి వచ్చే అమ్మమ్మలకు, మనవల చెవుల వెనుక, మోకాళ్ళ మడతలలో వెతకమని వేరే నేర్పనక్కరలేదు. గోటితో నలపవద్దని, సన్నని పట్టకారును చర్మానికి ఆనించి నిలువుగా లాగమని మాత్రం చెప్పాలి.