మాండలిన్ వేసే దరువు

మా పాలకొల్లు వైపు మాండలిన్ అంటే శ్రీనివాసే. మా ఊరివాడు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద త్యాగరాజ కీర్తనలు పలికిస్తుంటే విని పెరిగినవాళ్ళం. జంట తీగల మీద గమకం సరిగా పలకదని ఆయన ఒంటి తీగలు కట్టుకున్నాడు. నా చెవికి మాండలిన్ అంటే పాడే గొంతు. నార్త్ కరోలినాలోని కేరీకి ఉద్యోగానికి వచ్చాక, అదే వాయిద్యం తాళం వేయడం చూశాను.

మొదట నాకు దొరికింది రికార్డే. ఆఫీసులో పక్క సీటాయన ఒక సీడీ ఇచ్చాడు. అందులో లెస్టర్ ఫ్లాట్, ఎర్ల్ స్క్రగ్స్ 1949లో రికార్డు చేసిన ‘ఫాగీ మౌంటెన్ బ్రేక్‌డౌన్’ ఉంది. మూడు నిమిషాలైనా ఉండదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు వంతులవారీగా బాంజో తీగల మీద పడుతుంటే రేకుల కప్పు మీద వడగళ్ళు పడినట్టుంటుంది. ఆ మూడు వేళ్ళ విద్యతోనే స్క్రగ్స్ 1945 చివర్లో మాండలిన్ వాయించే బిల్ మన్రో బృందంలో చేరాడు. మన్రోది కెంటకీలోని రోజీన్. తన రాష్ట్రానికున్న ముద్దుపేరుతో బృందానికి బ్లూ గ్రాస్ బాయ్స్ అని పెట్టుకున్నాడు. పోను పోను ఆ సంగీతానికే అది పేరయింది.

పొద్దున, సాయంత్రం కారులో అదే సీడీ. డ్రమ్ములు లేవు, అయినా కాలు ఊరుకోదు. ఆ దరువు వేస్తున్నదెవరో రికార్డు వింటే అంతుపట్టలేదు.

కేరీ పక్కనే ఉన్న రాలీ నడివీధిలో తెలిసింది. 2013 నుంచి అంతర్జాతీయ బ్లూగ్రాస్ సంఘం తన ఉత్సవాన్ని ఏటా అక్కడ జరిపేది. సెప్టెంబరు నెలాఖరు వచ్చిందంటే ఫాయెట్‌విల్ స్ట్రీట్‌లో కార్లు ఆపేసి వేదికలు కట్టేవారు. వీధి కచేరీలకు టికెట్ లేదు. ఒక వేదిక మీద ఐదుగురు, మధ్యలో ఒకే ఒక్క మైకు. నేను ముందు వరస దాకా వెళ్ళి నిలబడ్డాను.

పాట మొదలైంది. పాడేవాడు చరణం ముగించి అరడుగు వెనక్కి తగ్గాడో లేదో, ఫిడిల్ వాయించేవాడు అతని భుజం పక్కనుంచి మైకు ముందుకొచ్చేశాడు. అతని వంతు అవుతుండగా బాంజో అటువైపు నుంచి వచ్చింది. ఒకరి చేతికి ఒకరి గిటార్ మెడ తగలదు, ఒక్క స్వరం తప్పదు. ఎవరి శబ్దం పెరగాలో, ఎవరిది తగ్గాలో వాళ్ళ అడుగులే తేల్చేస్తున్నాయి. పల్లవి దగ్గర ముగ్గురి తలలూ మైకు చుట్టూ చేరి మూడు గొంతులూ ఒకటయ్యాయి. నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే ఉండిపోయాను.

మాండలిన్ అమ్మాయి మాత్రం వెనకే ఉంది. బేస్ ఆయన దెబ్బ మీద దెబ్బ వేస్తుంటే, ఆమె రెండు దెబ్బల నడుమ ఎనిమిది తీగలనూ ఒక్కసారి మీటి, మరుక్షణం ఎడమచేతి వేళ్ళు సడలించి నాదాన్ని ఆపేస్తోంది. వాళ్ళు దాన్ని చాప్ అంటారు. స్వరం మిగలదు, చప్పుడు మాత్రమే మిగులుతుంది. నా సీడీలో కాలు కదిలించింది అదే! శ్రీనివాస్ సాగదీసి పాడించిన తీగను వీళ్ళు పుట్టగానే ఆపేస్తున్నారు. రెండూ అద్భుతమే. ఇంటికొచ్చి మన్రో 1946 నాటి రికార్డులు పెట్టుకున్నాను. చాప్ ఎక్కడుందో ఇప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

చీకటి పడ్డాక హోటల్ లాబీల్లో ఇంకో కచేరీ నడిచేది. ముక్కూమొహం తెలియనివాళ్ళు గుండ్రంగా నిలబడి, ఎవరో శ్రుతి చెప్పగానే మొదలెట్టేవారు. తలూపితే వంతు వచ్చినట్టు. నాతో వచ్చిన మా బావ మృదంగం నేర్చుకున్నవాడు. కాసేపు చూసి, “తని ఆవర్తనంలో మృదంగం, ఘటం పంచుకున్నట్టే ఉంది కదరా!” అన్నాడు. అర్ధరాత్రి దాటినా కదల్లేదు.

బ్లూగ్రాస్ కొండప్రాంతపు తెల్లవాళ్ళ సంగీతమని చాలామంది అనుకుంటారు. కానీ బాంజో పుట్టింది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ చేతుల్లో. మన్రో చిన్నతనంలో ఆర్నాల్డ్ షుల్ట్జ్ అనే నల్లజాతి సంగీతకారుడి వెంట వాయించాడు, ఆ రుణం చెప్పుకున్నాడు కూడా. 2017లో రాలీ ఉత్సవంలో గాయని రియానన్ గిడెన్స్ కీలక ప్రసంగం ఈ చరిత్ర గురించే. ఆమె, కరోలినా చాకొలెట్ డ్రాప్స్ బృందంలోని మిత్రులు పాతకాలపు బాణీలు నేర్చుకున్నది జో థాంప్సన్ అనే నల్లజాతి ఫిడిల్ విద్వాంసుడి దగ్గర. ఆయన ఊరు మెబెన్, మా ఇంటికి గంట దూరం కూడా లేదు. ఆ ప్రసంగం విన్నాక వాళ్ళ రికార్డులు కొనకుండా ఉండలేకపోయాను.

2024 తర్వాత ఉత్సవం రాలీని విడిచి టెనెసీలోని చట్టనూగాకు వెళ్ళిపోయింది. ఊరికి పెద్ద లోటే. అదృష్టం కొద్దీ మెర్ల్‌ఫెస్ట్ మా రాష్ట్రంలోనే ఉంది. పసితనంలోనే చూపు పోయిన గిటార్ విద్వాంసుడు డాక్ వాట్సన్ కొడుకు, ట్రాక్టర్ ప్రమాదంలో పోయిన మెర్ల్ పేరిట 1988లో విల్క్స్‌బరోలో మొదలైన పండగ అది. ఏప్రిల్ చివర్లో బ్లూగ్రాస్‌తో పాటు అమెరికానా బృందాలూ వస్తాయి. ఈసారి మా అమ్మాయి కూడా వస్తానంటోంది. ఇక్కడే ఒక టీచర్ దగ్గర కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. ఫిడిల్ వీడియోలు చూసి మొన్న అడిగింది: “నాన్నా, మేం కూర్చుని వయొలిన్ తల పాదం మీద ఆనించుకుంటేనే చెయ్యి తేలిగ్గా జారుతుంది. వాళ్ళు నిలబడి, అది కూడా అంత వేగంలో, ఎలా జారుస్తారు?”